గుంజుడు ఎప్పుడు మొదలవుతోంది? కొత్త ఆర్‌సీ విమానం ట్రిమ్మింగ్‌లో అసలు ప్రశ్న

కొత్త ఆర్‌సీ విమానం, అంటే రిమోట్‌తో ఎగరేసే చిన్న విమానం, చేతిలోంచి వదలగానే ఎడమకు ఒరుగుతుంది. ఎగరేసే మనిషి బొటనవేలు రిమోట్ మీది ట్రిమ్ మీట దగ్గరికి పోతుంది. కుడివైపు టకటకా పది నొక్కులు. విమానం తిన్నబడుతుంది. పైకి చేరాక థ్రాటిల్ (మోటారు వేగం) తగ్గిస్తే ఇప్పుడు కుడికి ఒరగడం మొదలు. మళ్లీ ఎడమకు ఐదారు నొక్కులు. దిగేటప్పుడు ఇంకోలా. బ్యాటరీ అయ్యేదాకా ఇదే తంతు. ఇంటికొచ్చాక ‘రిమోటే బాగాలేదు’ అన్న తీర్పు.

రిమోట్ తప్పు చాలా అరుదు. ట్రిమ్ మీట చేసే పని ఒక్కటే: సర్వో (పలకలను కదిపే చిన్న మోటారు) మధ్యస్థానాన్ని కాస్త పక్కకు జరపడం. దాంతో ఐలెరానో (రెక్క వెనకంచున విమానాన్ని పక్కకు ఒరిగించే పలక) ఎలివేటరో (తోక దగ్గర ముక్కును లేపి దించే పలక) ఎప్పుడూ కొద్దిగా వంగే ఉంటుంది. ఆ వంపుకున్న బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు. విమానాన్ని పక్కకు లాగే కారణం కూడా వేగంతో అలాగే పెరిగేదైతే ట్రిమ్ దాన్ని అన్ని వేగాల్లోనూ కొట్టేస్తుంది. కారణం మోటారులోనో, రెక్క బరువులోనో ఉంటే మాత్రం ఒక్క వేగం దగ్గరే లెక్క కుదురుతుంది, మిగతా అన్నిచోట్లా తప్పుతుంది. ‘ఎడమకు గుంజుతోంది’ అన్న ఫిర్యాదు అందుకే సగం ఫిర్యాదు. ఎప్పుడు గుంజుతోంది అన్నది మిగతా సగం. థ్రాటిల్ తెరిచిన క్షణంలోనా, వేగం పుంజుకున్నాకా, నెమ్మదించి దిగేటప్పుడా, లేక ఒక్కో రోజు ఒక్కో వైపా? నాలుగింటికీ మందు వేరు.

లెక్కల కోసం ఒక నమూనా విమానం పెట్టుకుందాం. రెక్క పొడవు 1200 మి.మీ., వెడల్పు 200 మి.మీ., అడుగు చదునుగా ఉండి బాడీకి పైన కూర్చునే రెక్క. ఫోమ్ షీటుతోనో, ఎన్నికల బోర్డులకు వాడే సన్‌ప్యాక్ షీటుతోనో చేసింది. ఏ2212 1000 కేవీ (వోల్టుకు నిమిషానికి 1000 చుట్లు) మోటారు, 10×4.5 (వ్యాసం, పిచ్ అంగుళాల్లో) ప్రొపెల్లర్, 30 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం), 3ఎస్ (మూడు సెల్‌ల) 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ, 9 గ్రాముల సర్వోలు నాలుగు, ఆరు చానళ్ల రిమోట్. మొత్తం బరువు 850 గ్రాములు. తొలి విమానానికి చాలామంది ఎంచుకునే కూర్పు ఇలాంటిదే. లెక్క ప్రకారం ఈ విమానం వేగం గంటకు 27 కి.మీ. కంటే తగ్గితే స్టాల్ అవుతుంది, అంటే రెక్క ఎత్తే బలం కోల్పోతుంది. 40–50 మధ్య హాయిగా తిరుగుతుంది.

బల్ల మీదే తేలిపోయేవి

ముందు ప్రొపెల్లర్ ఊడదీయాలి. రిమోట్‌లో ట్రిమ్‌లన్నీ సున్నాకు తెచ్చి, అప్పుడు బ్యాటరీ పెట్టాలి. ఇప్పుడు సర్వోకు వెళ్లే సంకేతం 1500 మైక్రోసెకన్లు, అంటే అసలు మధ్యస్థానం. ఈ స్థితిలో సర్వో ఆర్మ్ (దాని చేయి) పుష్‌రాడ్‌కు (ఆ చేతిని పలకకు కలిపే కడ్డీకి) లంబంగా నిలవాలి. వాలి ఉంటే పైకి కదిలినంత కిందికి కదలదు. కుడి మలుపు చురుగ్గా, ఎడమ మలుపు మందంగా వస్తుంది. స్క్రూ విప్పి ఆర్మ్‌ను ఒక పన్ను జరిపి పెడితే సుమారు 17 డిగ్రీలు మారుతుంది. అలా దగ్గరికి తెచ్చాక మిగిలిన ఐదారు డిగ్రీలకు మాత్రమే సబ్‌ట్రిమ్ (రిమోట్ మెనూలో సర్వో మధ్యస్థానాన్ని సర్దే అమరిక). ఐలెరాన్, ఎలివేటర్, రడ్డర్ (నిలువు తోక మీద ముక్కును పక్కకు తిప్పే పలక) తిన్నగా నిలిచేలా చూడటం ఇక పుష్‌రాడ్ పొడవు పని. సైకిల్ స్పోక్‌తో పుష్‌రాడ్ చేసేవాళ్లు మధ్యలో ‘వి’ ఆకారపు వంపు ఒకటి పెడితే మేలు. పట్టకారుతో ఆ వంపును నొక్కితే పొడవు తగ్గుతుంది, తెరిస్తే పెరుగుతుంది.

కదలిక ఎంతుండాలి? వెనకంచు దగ్గర స్కేలు పెట్టి కొలిస్తే ఐలెరాన్‌కు పైకి 12, కిందికి 7 లేదా 8 మి.మీ.; ఎలివేటర్‌కు అటూ ఇటూ 10–12; రడ్డర్‌కు 20. ఐలెరాన్ కిందికి తక్కువ కదలాలనడానికి కారణం ఉంది. చదును అడుగు రెక్కల్లో కిందికి వంగిన ఐలెరాన్ గాలిని ఎక్కువగా అడ్డుకుని, ముక్కును మలుపుకు వ్యతిరేక దిశలోకి తిప్పుతుంది. కుడికి వంచితే ముక్కు ముందు ఎడమకు పోయి, తర్వాత కుడికి వస్తోందంటే ఇదే జబ్బు. రిమోట్ మీది కర్ర (స్టిక్) మధ్యలో మెత్తగా పనిచేయడానికి ఎక్స్‌పో, అంటే కర్రను కొద్దిగా కదిపినప్పుడు స్పందన తగ్గించే అమరిక, 30 శాతం పెట్టాలి. ఇక్కడో చిక్కుంది: కొన్ని రిమోట్లలో మెత్తబరచడానికి ప్లస్, కొన్నింటిలో మైనస్. కర్రను సగం వంచి చూడాలి. ఎలివేటర్ సగం కంటే తక్కువ కదిలితే గుర్తు సరైనదే.

దిశల తనిఖీ తోక వెనక నిలబడే చేయాలి. విమానం ముక్కు తనవైపు పెట్టుకుని చూసేవాళ్లు కుడి ఎడమలు తారుమారు చేసుకుంటారు. కర్ర ఎటు వంచితే ఆ వైపు ఐలెరాన్ పైకి లేవాలి. కర్రను తనవైపు లాగితే ఎలివేటర్ పైకి లేవాలి. తిరగబడ్డ ఐలెరాన్‌తో ఎగిరిన విమానం మూడు సెకన్లలో నేల మీదుంటుంది. ఏ ట్రిమ్మూ దాన్ని కాపాడలేదు.

తర్వాత తూకం. గరిమనాభి, వాడుకలో సీజీ, రెక్క ముందంచు నుంచి వెడల్పులో 25–30 శాతం దగ్గర ఉండాలి. మన నమూనాకు 50–60 మి.మీ. మొదటి రోజు 50 దగ్గరే పెట్టడం క్షేమం. రెక్క కింద రెండు వైపులా 50 దగ్గర పెన్నుతో గీత గీసి, బ్యాటరీ లోపల పెట్టి, ఆ గీతల మీద రెండు వేళ్లతో ఎత్తాలి. ముక్కు ఒక్క పిసరు కిందికి వాలాలి. వాలకపోతే బ్యాటరీని ముందుకు జరపాలి. 3ఎస్ 2200 బ్యాటరీ 175 గ్రాముల దాకా తూగుతుంది. దాన్ని 10 మి.మీ. ముందుకు జరిపితే సీజీ 2 మి.మీ. ముందుకొస్తుంది. సీజీ 10 మి.మీ. వెనకుంటే బ్యాటరీని 50 మి.మీ. జరపాలన్నమాట. అంత చోటుండదు. అప్పుడు ముక్కులో బరువు పెట్టక తప్పదు. టైర్ల షాపులో దొరికే 5, 10 గ్రాముల అంటుకునే బరువులు దీనికి బాగా కుదురుతాయి.

అసలు మొదటి నుంచీ తోకను తేలిగ్గా ఉంచడమే తెలివి. సీజీ నుంచి తోక 600 మి.మీ. వెనక, మోటారు 200 మి.మీ. ముందు ఉంటే తోకలో పెరిగిన ప్రతి 10 గ్రాములకూ ముక్కులో 30 గ్రాములు వేయాలి. కూలిన ప్రతిసారీ తోక విరిగిన చోట గన్‌తో వేడి జిగురు కుమ్మరించేవాళ్లు ఈ 30 గ్రాముల సంగతి మరిచిపోతారు. ఆదివారం బాగా ఎగిరిన విమానం మరమ్మతయ్యాక ‘పిచ్చిదైపోయింది’ అంటే ముందు తోకను తూకం వేయాలి. జిగురు మాట వచ్చింది గనక ఇంకొకటి: ఫెవిక్విక్ పడితే థర్మోకోల్ కరిగి గుంట పడుతుంది. తెల్ల ఫెవికోల్‌తో ఆ బెడద లేదు, కాకపోతే రాత్రంతా ఆరాలి.

రెక్కలోని మెలిని కంటితోనే పట్టుకోవచ్చు. విమానాన్ని బల్ల మీద పెట్టి మూడు మీటర్లు వెనక్కి జరిగి ఒక కన్ను మూసి చూస్తే రెండు రెక్కల అడుగు భాగం సమానంగా కనిపించాలి. ఒక వైపు అడుగు ఎక్కువ కనిపిస్తోందంటే ఆ రెక్క మెలి తిరిగింది. తోక కొస నుంచి రెండు రెక్కల కొసలకూ దారం పట్టి కొలిస్తే తేడా 3 మి.మీ. దాటకూడదు.

చివరగా రెండు పరీక్షలు. ప్రొపెల్లర్ లేకుండా మోటారును సగం వేగంలో తిప్పుతూ రిమోట్ ఆపేయాలి. మోటారు ఒకటి రెండు సెకన్లలో ఆగిపోవాలి. ఆగకపోతే ఫెయిల్‌సేఫ్ (సంకేతం పోతే మోటారును ఆపే ఏర్పాటు) పెట్టలేదన్నమాట, అది పెట్టేదాకా ఎగరేయకూడదు. తర్వాత ప్రొపెల్లర్ బిగించి, తోకకు కూరగాయల సంచి తూచే చిన్న వేలాడే త్రాసు కట్టి, పూర్తి థ్రాటిల్‌లో లాగుడు చూడాలి. ఈ కూర్పుకు 700 గ్రాముల పైన రావాలి. ప్రొపెల్లర్ గాలి బాగానే విసురుతున్నా లాగుడు 400 దగ్గరే ఆగితే ప్రొపెల్లర్ తిరగేసి బిగించారేమో చూడాలి, 10×4.5 అని అంకెలున్న ముఖం ముందుకు, అంటే విమానం వెళ్లే దిక్కుకు ఉండాలి. మోటారే వెనక్కి తిరుగుతుంటే మూడు తీగల్లో ఏ రెండింటినైనా మార్చి కలిపితే చాలు. 1400 కేవీ మోటారుకు మాత్రం ఈ 10 అంగుళాల ప్రొపెల్లర్ పెట్టకూడదు. దానికి 8×4 సరిపోతుంది. పెద్దది పెడితే మోటారులోని తీగచుట్ట మాడుతుంది.

చోటు, గాలి, వేడి

హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. ఈ ఎత్తులో 40 డిగ్రీల మే మధ్యాహ్నం ఘనమీటరు గాలి బరువు సుమారు 1.06 కిలోలు; 15 డిగ్రీల డిసెంబరు తెల్లవారుజామున 1.15. సముద్రతీరంలో ప్రామాణిక విలువ 1.225. డిసెంబరులో చక్కగా ట్రిమ్ చేసిన విమానానికి మేలో ప్రొపెల్లర్ లాగుడు ఎనిమిది శాతం దాకా తగ్గుతుంది, స్టాల్ వేగం నాలుగు శాతం పెరుగుతుంది. విడిగా చూస్తే చిన్న తేడాలే. చేతితో విసిరే క్షణంలో రెండూ కలిసొస్తాయి. ఎండాకాలంలో ‘విసిరితే కూర్చుండిపోతోంది’ అన్న ఫిర్యాదుకు ట్రిమ్ వెతకనక్కర్లేదు. ఇంకాస్త గట్టిగా విసరాలి, థ్రాటిల్ పూర్తిగా తెరవాలి.

ట్రిమ్ చేయడానికి పొద్దున ఆరు నుంచి ఎనిమిది మధ్య సమయమే సరైనది. పది దాటాక బండరాళ్లూ కాంక్రీటూ వేడెక్కి గాలి బుడగలు పైకి లేస్తాయి. సగం థ్రాటిల్‌లో తిన్నగా పోతున్న విమానం ఉన్నట్టుండి ఎత్తెక్కితే కిందికి ట్రిమ్ నొక్కేస్తారు. పక్కనే చల్లగాలి దిగే చోటికి రాగానే అది ముక్కు నేలకేసి పోతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి జోరుగా ఉంటుంది. గంటకు 15 కి.మీ. గాలి అంటే ఈ విమానం స్టాల్ వేగంలో సగం కంటే ఎక్కువ. అందులో ట్రిమ్ తెలియదు. పడమటి గాలికి ఎదురుగా దిగాలంటే విమానం తూర్పు నుంచి రావాలి, పొద్దున ఏడింటికి సూర్యుడు సరిగ్గా ఆ దారిలోనే ఉంటాడు. అంచు ఏదో, ముక్కేదో తెలియక కూలేవి ఇలాంటప్పుడే. నిలబడే చోటును కాస్త ఉత్తరానికో దక్షిణానికో మార్చుకుంటే దిగే దారి సూర్యుడి కిందినుంచి తప్పుతుంది.

చోటు దొరకడం ఈ ఊళ్లో పెద్ద సమస్య. శివార్లలో ప్లాట్లు వేసి వదిలేసిన వెంచర్లు చూడ్డానికి రన్‌వేల్లా ఉంటాయి గానీ గడ్డిలో మోకాలెత్తు హద్దురాళ్లు దాగుంటాయి. దిగే దారిని ఒకసారి నడిచి చూడాలి. ఎండిన చెరువు శిఖాలు మెత్తగా ఉంటాయి, విద్యుత్ హైటెన్షన్ తీగలు మాత్రం చూసుకోవాలి. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ అంటూ నగరం చుట్టూ విమానాలు తిరిగే చోట్లే. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం విమానాశ్రయ సరిహద్దు నుంచి 5–8 కి.మీ. వలయం పసుపు జోన్, అక్కడ నేలమట్టం నుంచే అనుమతి కావాలి, 8–12 కి.మీ. వలయంలో 200 అడుగుల వరకే గ్రీన్, అంటే అనుమతి అక్కర్లేని జోన్. ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటు డిజిటల్ స్కై మ్యాప్‌లో చోటు రంగు చూసుకున్నాకే బ్యాటరీ చార్జి పెట్టడం నయం.

మొదటి చార్జి

మొదటి బ్యాటరీ మొత్తం ట్రిమ్‌కే కేటాయించాలి, విన్యాసాలకు కాదు. గాలికి ఎదురుగా, ముక్కు తిన్నగా, ముప్పావు థ్రాటిల్‌తో వేరే మనిషి చేత విసిరించాలి. ఎగరేసే మనిషి రెండు చేతులూ కర్రల మీదే ఉండాలి. ముక్కు పైకెత్తి విసరడం కొత్తవాళ్లు తరచుగా చేసే తప్పు. 40 మీటర్ల ఎత్తుకు చేరాక థ్రాటిల్ సగానికి తెచ్చి, గాలికి ఎదురుగా తిన్నగా పోనిచ్చి, రెండు సెకన్లు కర్ర వదిలి చూడాలి. ముందు ఎలివేటర్, తర్వాత ఐలెరాన్, చివర రడ్డర్. ఒక్కసారి రెండేసి నొక్కులు. మలుపులో ఉండగా ట్రిమ్ నొక్కకూడదు; మలుపులో ముక్కు కిందికి పోవడం సహజం, దాన్ని ట్రిమ్‌తో సరిచేస్తే తిన్నగా పోయేటప్పుడు ఎగబాకుతుంది.

ఒక మాట తేల్చుకోవాలి. ఎలివేటర్ ట్రిమ్ ఎత్తును నిర్ణయించదు, వేగాన్ని నిర్ణయిస్తుంది. ఎత్తు థ్రాటిల్ పని. పూర్తి థ్రాటిల్‌లో కొంచెం ఎక్కడం, మూసినప్పుడు దానంతటదే ముక్కు దించి జారడం మంచి ట్రైనర్ (నేర్చుకునేవాళ్ల విమానం) లక్షణం. అన్ని థ్రాటిల్ స్థాయుల్లోనూ గీత గీసినట్టు పోవాలని పట్టుబట్టేవాళ్లు ట్రైనర్‌ను పాడుచేస్తారు.

దించాక ఆ ఐలెరాన్, ఎలివేటర్ ఎక్కడ నిలిచాయో వెనకంచు దగ్గర కొలవాలి. రెండు మి.మీ. లోపు వంపైతే పుష్‌రాడ్ పొడవు సర్ది, రిమోట్ ట్రిమ్‌ను తిరిగి సున్నా చేయాలి. మూడు దాటితే పుష్‌రాడ్ జోలికి పోకుండా కారణం వెతకాలి.

థ్రాటిల్ తెరిచిన క్షణంలోనే

తోక వైపు నుంచి చూస్తే ప్రొపెల్లర్ గడియారం ముల్లులా కుడికి తిరుగుతుంది. దానికి ప్రతిచర్యగా విమానం ఎడమకు ఒరుగుతుంది. ప్రొపెల్లర్ విసిరిన గాలి సుడులు తిరుగుతూ పోయి నిలువు తోకను ఎడమ పక్క నుంచి నెడుతుంది. తోక కుడికి, ముక్కు ఎడమకు. ముక్కు పైకెత్తి నెమ్మదిగా ఎక్కేటప్పుడు కిందికి దిగే ప్రొపెల్లర్ రెక్క గాలిని ఎక్కువగా కోస్తుంది. అదీ ఎడమకే తోస్తుంది. మూడూ ఒకవైపే. థ్రాటిల్ వేయగానే గుంజుడు, తీయగానే మాయం అంటే దీనికి ఐలెరాన్ ట్రిమ్ పెట్టకూడదు, మోటారునే తిప్పాలి.

కుడికి 2–3 డిగ్రీలు, కిందికి 2–3 డిగ్రీలు చాలు. మోటారు మౌంటు స్క్రూల మధ్య దూరం 30 మి.మీ. అయితే ఒక మి.మీ. మందం వాషర్ పెట్టినప్పుడు దాదాపు 2 డిగ్రీలు వస్తుంది. తోక వెనక నుంచి చూసి, కుడికి తిప్పాలంటే ఎడమ పక్క స్క్రూల కింద వాషర్; కిందికి వంచాలంటే పై స్క్రూల కింద. ఒక్కసారికి ఒక్క వాషరే. పెట్టాక నిలువుగా కాకుండా, తిన్నగా పోతూ థ్రాటిల్‌ను సగం నుంచి పూర్తికి ఠక్కున తెరిచి చూడాలి. బొర్లా దిగిన ప్రతిసారీ ఈ కోణం మళ్లీ చూసుకోవాలి. ముందు పలక పగిలి మోటారు ఒక డిగ్రీ పక్కకు వాలడం బయటికి కనపడదు, గాల్లోనే తెలుస్తుంది.

వేగం పుంజుకున్నాక

థ్రాటిల్ తెరిచాక ముక్కు వెంటనే లేస్తే అది మోటారు కోణం. రెండు మూడు సెకన్లు ఆగి, వేగం పెరిగాక మెల్లగా లేస్తే అది తూకం. కొత్తవాళ్లను ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఈ రెండిటి మధ్య తేడాయే. ముక్కు బరువైన విమానాన్ని తిన్నగా నిలపడానికి ఎలివేటర్‌ను పైకి ట్రిమ్ చేస్తారు. వేగం పెరిగితే ఆ ఎలివేటర్ బలం పెరుగుతుంది, ముక్కు బరువు మాత్రం పెరగదు. విమానం ఎగబాకుతుంది. మోటారు కింద వాషర్లు పేర్చినా పోదు.

దీనికి డైవ్ పరీక్ష ఉంది. 60 మీటర్ల ఎత్తులో సగం థ్రాటిల్‌కు ట్రిమ్ చేసిన విమానాన్ని, థ్రాటిల్ పూర్తిగా మూసి, 30–45 డిగ్రీలు ముక్కు దించి కర్ర వదలాలి. జోరుగా పైకి లేస్తే ముక్కు బరువు. బ్యాటరీని 10 మి.మీ. వెనక్కి జరిపి, పైకున్న ట్రిమ్ తగ్గించి మళ్లీ చూడాలి. ఇంకా నేలకేసి ముడుచుకుపోతే తోక బరువు. వెంటనే లాగి దించి బ్యాటరీని ముందుకు జరపాలి. చదును రెక్క ట్రైనర్ మెల్లగా, ఒక వంపులో దానంతటదే పైకి రావాలి. అక్కడితో ఆపేయడమే మంచిది.

తోక బరువుకు ఇంకో గుర్తు: ఎలివేటర్ ముట్టుకుంటే చాలు ఎగిరిపడుతుంది, థ్రాటిల్ మూస్తే ముక్కు లేస్తూ పడుతూ ఊగుతుంది, ఎక్స్‌పో ఎంత పెంచినా నిమ్మళించదు. ఇలాంటి విమానాన్ని ‘సెన్సిటివ్’ అని మెచ్చుకునేవాళ్లున్నారు. అది కూలబోతున్న విమానం.

తూకం సరిగా ఉండి కూడా ఎలివేటర్‌ను మూడు నాలుగు మి.మీ. కిందికి ట్రిమ్ చేయాల్సి వస్తోందంటే రెక్క కూర్చున్న కోణం ఎక్కువైంది. 200 మి.మీ. వెడల్పు రెక్కకు ఒక డిగ్రీ అంటే వెనకంచు దగ్గర 3.5 మి.మీ. వెనకంచు కింద మందపాటి అట్టముక్క 2 మి.మీ. ఎత్తున పెడితే అర డిగ్రీకి పైగా తగ్గుతుంది. రెండు వైపులా సమానంగా పెట్టకపోతే కొత్త మెలి తెచ్చుకున్నట్టే.

నెమ్మదించినప్పుడు

తిరిగేటప్పుడు తిన్నగా ఉండి, దిగేటప్పుడు మాత్రం ఎడమ రెక్క పడుతోంది. చాలామంది దీన్ని మెలి అనుకుంటారు. మెలి వేగంతో పెరుగుతుంది. ఐలెరాన్ ట్రిమ్ కూడా వేగంతో పెరుగుతుంది. ఒకసారి సరిపెడితే రెండూ ఏ వేగంలోనైనా రద్దయిపోతాయి. రెక్క బరువు అలా కాదు. ఎడమ రెక్క 10 గ్రాములు ఎక్కువ తూగితే నిదానంగా పోయినా వేగంగా పోయినా అది 10 గ్రాములే. గంటకు 45 కి.మీ. దగ్గర దాన్ని ఐలెరాన్‌తో సరిపెట్టాక వేగం 32కు పడితే ఐలెరాన్ బలం సగమైపోతుంది, బరువైన రెక్క పడుతుంది. పూర్తి వేగంలో అదే విమానం కుడికి ఒరుగుతుంది. ఈ జత లక్షణాలు కనిపిస్తే రోగం రెక్క బరువే.

ముక్కు దగ్గర ప్రొపెల్లర్ నట్టుకు, తోక చివరకు దారం కట్టి వేలాడదీస్తే బరువైన రెక్క దిగుతుంది. తేలికైన రెక్క కొసకు అది సమానమయ్యేదాకా ఐదేసి గ్రాముల ముక్కలు అంటించాలి. తర్వాత ఐలెరాన్ ట్రిమ్ మళ్లీ సున్నా నుంచి మొదలు.

మలుపులో నెమ్మదించినప్పుడు ఒక రెక్క హఠాత్తుగా పడి సుడి తిరిగితే అది కొస స్టాల్. చివరి మలుపులో, 10 మీటర్ల ఎత్తులో, ఎలివేటర్ గట్టిగా లాగినప్పుడు వస్తుంది. ఎలివేటర్ కదలిక 12 నుంచి 8 మి.మీ.కు తగ్గించడం, సీజీ 5 మి.మీ. ముందుకు తేవడం, రెండు ఐలెరాన్‌లూ ఒకటిన్నర మి.మీ. పైకి లేపి ఉంచడం; ఈ మూడింటిలో మూడోది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే కొసల్లో రెక్క కోణం తగ్గి మధ్యభాగం ముందు స్టాల్ అవుతుంది.

అసలు మెలి ఎక్కడినుంచి వస్తుందంటే ఎక్కువగా కారులోంచే. ఏప్రిల్ ఎండలో అద్దాలు మూసి ఆపిన కారు వెనక సీట్లో ఫోమ్ రెక్క రెండు గంటలు ఉంటే చాలు. వేడి జిగురు మెత్తబడి సర్వోలు కూడా జరుగుతాయి. సరిచేయడానికి హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తూ వ్యతిరేక దిశలో కాస్త ఎక్కువగా తిప్పి, చల్లారేదాకా పట్టుకోవాలి. లైపోలు అదే కారులో ఉబ్బుతాయి, ఉబ్బినదాన్ని వాడకూడదు.

ఒక్కోసారి ఒక్కోలా

నిన్న ఎడమ, ఈరోజు కుడి, మధ్యలో బాగానే ఉంది. ఇలాంటివాటికి ట్రిమ్ వెతకడం టైం దండగ. ఏదో వదులైంది. రెక్కను రబ్బరు బ్యాండ్లతో కట్టిన విమానాల్లో ముందుగా చూడాల్సింది రెక్క కూర్చున్న చోటే: రెక్క మీదా బాడీ మీదా కలిసేలా స్కెచ్‌పెన్ గీతలు గీస్తే, దిగిన ప్రతిసారీ జరిగిందో లేదో ఒక చూపులో తెలుస్తుంది. బ్యాండ్లు ఎనిమిదికి తగ్గకుండా, చివరి రెండు అడ్డంగా. ఎండకు పగుళ్లొచ్చిన బ్యాండ్లు పారేయాలి.

రిమోట్ ఆన్‌లో ఉండగా ఐలెరాన్ అంచును వేలితో పైకీ కిందికీ కదపాలి. ఒక మి.మీ. లోపు ఆడితే ఫర్వాలేదు. రెండు దాటితే సర్వో పళ్లు అరిగాయి, లేదా పుష్‌రాడ్ కొసన జెడ్ వంపు దూరిన రంధ్రం పెద్దదైంది. ఈ వదులు ట్రిమ్‌ను చెడగొట్టడమే కాదు, డైవ్‌లో ఐలెరాన్ ‘జర్ర్’మని కొట్టుకోవడానికీ ఇదే మూలం. ఆ చప్పుడు వినగానే థ్రాటిల్ మూసి, మెల్లగా ముక్కు లేపాలి. అలాగే వదిలితే హింజ్ టేపు (ఐలెరాన్‌ను రెక్కకు పట్టి ఉంచే టేపు) ఊడుతుంది.

కరెంటు జబ్బుల్లోనూ ఏది ఎప్పుడు ఆగిందన్నదే ఆనవాలు. మోటారు ఆగి సర్వోలు కదులుతుంటే బ్యాటరీ అయిపోయి ఈఎస్‌సీ కోత పెట్టింది. మోటారూ సర్వోలూ కలిసి ఒకటి రెండు సెకన్లు చచ్చి మళ్లీ వస్తే రిసీవర్‌కు 5 వోల్టులు అందలేదు. ఈఎస్‌సీలోని సాధారణ బీఈసీ (రిసీవర్‌కూ సర్వోలకూ కరెంటు ఇచ్చే భాగం) బ్యాటరీ 11.1 వోల్టులను 5కు దించేటప్పుడు మిగతాదాన్ని వేడిగా వదులుతుంది. ఒక ఆంపియర్ లాగితే 6 వాట్లు. నేల మీద కర్ర ముట్టకపోయినా ఏదైనా సర్వో గుయ్‌మంటుంటే అది దేనికో ఆనుకుని కరెంటు తాగుతోంది. ముందు దాన్ని విడిపించాలి. మోటారు మామూలుగా ఉండి, దూరం వెళ్లినప్పుడు మాత్రమే ఫెయిల్‌సేఫ్ వస్తుంటే రిసీవర్ యాంటెన్నాలు చూడాలి. రెండూ ఒకదానికొకటి 90 డిగ్రీల్లో, బ్యాటరీ తీగలకు దూరంగా ఉండాలి.

టైమర్ మొదట ఆరు నిమిషాలకే పెట్టాలి. చార్జర్ ఎంత తిరిగి నింపిందో చూస్తే లెక్క తేలుతుంది: ఆరు నిమిషాలకు 1200 ఎంఏహెచ్ అయితే నిమిషానికి 200, అంటే ఎనిమిది నిమిషాలు క్షేమంగా ఎగరవచ్చు. దించి కాసేపు ఆగాక సెల్‌కు 3.7 వోల్టుల కంటే తక్కువ చూపిస్తే టైమర్ తగ్గించాలి. వారంపాటు ఎగరేయకపోతే సెల్‌కు 3.8 దగ్గర ఉంచాలి.

సంక్రాంతి ముందూ వెనకా రెండు వారాలు ఇంకో కారణం చేరుతుంది. చెట్లకూ తీగలకూ చిక్కుకుని వేలాడే మాంజా రెక్క ముందంచును కోస్తుంది, మోటారు షాఫ్టుకు చుట్టుకుంటుంది. మోటారు తిరిగేటప్పుడు గరగరమంటే మొదట బేరింగుల దగ్గర దారం ముక్క ఉందేమో చూడాలి. రెక్క ముందంచు మీద మూడు నాలుగు మి.మీ. లోతు గాటు పడినా దిగేటప్పుడు ఆ వైపు రెక్క ముందుగా పడే ప్రమాదం ఉంది. గాటును ఫోమ్ ముక్కతో పూడ్చి, నున్నగా గీకి, పారదర్శక టేపు ఒక్క పొర ముందంచు చుట్టూ తిప్పి అంటించాకే ఐలెరాన్ ట్రిమ్ చూడాలి.